సీపీఆర్: నొక్కడం ఎంతో, వదలడమూ అంతే

గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి రక్తాన్ని నడిపించడమే సీపీఆర్. ఎదుటి మనిషి కుప్పకూలి, భుజాలు తట్టినా పలకడం లేదు. ఊపిరి ఆగిపోయింది, లేదా ఆగాగి ఎగశ్వాస వస్తోంది. ఎగశ్వాస చూసి ‘ఊపిరి ఉందిగా’ అని ఊరుకోవద్దు. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చాలామందికి అది వస్తుంది. ఒళ్లు కాసేపు కొట్టుకోవచ్చు కూడా. ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో నీళ్లు పోయడం చేయకండి. ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి, ఇంకొకరు వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. నాడి వెతుకుతూ కూర్చోవద్దు.

నవారు మంచం మీదో, మెత్తటి పరుపు మీదో ఉంటే నేల మీదికి దించండి. లేకపోతే మీరు పెట్టే బలంలో కొంత పరుపే మింగేస్తుంది. అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగాన్ని రొమ్ము ఎముక కింది సగం మీద, ఛాతీ నడిమధ్యలో ఆనించి, రెండో చేయి దాని మీద వేయండి. మోచేతులు వంచకుండా, భుజాలు చేతులకు సరిగ్గా పైన ఉండేలా వంగి, నడుము నుంచి బరువు దింపాలి. చేతి కండల బలంతో నొక్కితే నిమిషంలోనే అలసిపోతారు.

పెద్దవారికి నొక్కే లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు. వేగం నిమిషానికి 100 నుంచి 120. అంటే 30 నొక్కులకు 15 నుంచి 18 సెకన్లు పట్టాలి. ‘ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది’ అని లెక్కపెడితే మాట సాగి చెయ్యి నెమ్మదిస్తుంది. పది వరకు మూడుసార్లు లెక్కపెట్టుకోండి. కంగారులో 120 దాటితే లోతు తగ్గుతుంది.

ఎక్కువమంది తప్పేది వదలడంలో. ఛాతీ పూర్తిగా పైకి లేచినప్పుడే గుండెలోకి రక్తం చేరుతుంది, గుండె కండరానికి రక్తం అందేదీ అప్పుడే. అలసట రాగానే తెలియకుండానే ఛాతీ మీద వాలిపోతాం. చెయ్యి తగిలే ఉండాలి, బరువు మాత్రం ఉండకూడదు. నొక్కేవారికి ఇది తెలియదు. పక్కన ఒకరు మోకాళ్ల మీద కూర్చుని, ఛాతీ ఎత్తున కళ్లు పెట్టి చూస్తూ ‘వదులు, పూర్తిగా వదులు’ అని చెబుతుండాలి.

నొక్కడం ఆపితే రక్తపోటు సెకన్లలో పడిపోతుంది, మళ్లీ పెరగడానికి చాలా నొక్కులు కావాలి. అందుకే ఎందుకు ఆపినా 10 సెకన్లు దాటకూడదు. ‘నాకేం అలసట లేదు’ అన్నా వినకుండా 2 నిమిషాలకోసారి మనిషిని మార్చండి. రెండో వ్యక్తి ముందే ఎదురుగా కూర్చుని, చేతులు సిద్ధంగా పెట్టుకోవాలి.

శిక్షణ లేనివారు ఊపిరి ఊదాల్సిన పని లేదు, ఆపకుండా నొక్కితే చాలు. శిక్షణ ఉన్నవారు 30 నొక్కులకు 2 ఊపిర్లు ఇవ్వాలి, ఒక్కోటి ఒక సెకను, ఛాతీ కాస్త లేచేంత మాత్రమే. నీట మునిగినవారికి ఊపిరి కూడా ముఖ్యం. ఎక్కువ ఊదితే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, పొట్టలోకి గాలి పోయి వాంతి కావచ్చు.

ఏఈడీ (గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రం) దొరికితే చెమట తుడిచి, ఒక ప్యాడ్ కుడి జత్రుక (మెడ కింద అడ్డంగా ఉండే) ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద అంటించండి. అంటించేటప్పుడూ నొక్కడం ఆగకూడదు. ‘తాకవద్దు’ అని యంత్రం చెప్పినప్పుడే చేతులు తీయండి. షాక్ ఇచ్చిన మరుక్షణం, నాడి చూడకుండా, మళ్లీ 2 నిమిషాలు నొక్కండి.

మధ్యలో పక్కటెముక పటుక్కుమనవచ్చు, మనసు చివుక్కుమంటుంది. చెయ్యి సరైన చోట ఉందో లేదో చూసుకుని కొనసాగించండి. ఎముక అతుక్కుంటుంది. మనిషి కదిలి మామూలుగా ఊపిరి తీసే వరకో, అంబులెన్స్ సిబ్బంది చేతికి అప్పగించే వరకో ఆపవద్దు.