శ్రావణంలో ఇల్లు కొంటున్నారా, అమ్ముతున్నారా? అడ్వాన్సుకు ముందే ఈ జాగ్రత్తలు

ఆషాఢం వెళ్లగానే తిరుపతిలో ఇళ్ల బేరాలు ఊపందుకుంటాయి. తాకట్టులో ఉన్న ఇంటిని అమ్మేశారనో, ఒకే ఇంటికి ఇద్దరి దగ్గర అడ్వాన్సు తీసుకున్నారనో వార్తలు మాత్రం ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. పద్మావతీపురం, ఎయిర్ బైపాస్ రోడ్డు లాంటి చోట్ల ఒక్క అడ్వాన్సే లక్షల్లో ఉంటుంది. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయండి, లాయరుకు చూపించండి అనేవి అందరికీ తెలిసిన మాటలే. వాటిని వదిలేద్దాం.

కుటుంబాలను ముంచే తప్పు ఒకటుంది. ఒరిజినల్ దస్తావేజు చేత్తో పట్టుకుని చూడకుండా అడ్వాన్సు ఇవ్వడం. జిరాక్సు చూసి ఇస్తారు. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ చూసి ఇస్తారు. ఈసీ శుభ్రంగా ఉంది కదా అని ఇస్తారు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. కాగితాలు వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టి అప్పు తెచ్చుకున్నా, ఉత్త అగ్రిమెంటు మీద ఇంకొకరి దగ్గర డబ్బు తీసుకున్నా ఈసీలోకి ఎక్కదు. తాకట్టు పెట్టిన కాగితాలు ఇంట్లో ఉండవు కాబట్టే, చూపించమంటే "లాకర్లో ఉన్నాయి, రిజిస్ట్రేషన్ రోజు తెస్తాం లెండి" అంటారు. నిజంగానే లాకర్లో ఉండొచ్చు. అయినా లాకరు తెరిచేదాకా రూపాయి ఇవ్వకండి.

చూడటానికీ ఒక పద్ధతి ఉంది. ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ డాక్యుమెంటు నంబరు మీద సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అది పక్కన పెట్టుకుని, పగటి వెలుతురులో ఒరిజినల్‌ను పేజీ పేజీ పోల్చండి. పేర్లు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, సర్వే నంబరు తేడా లేకుండా కలవాలి. కాగితాలు తిప్పి వెనకవైపు కూడా చూడండి. నంబరు, సంవత్సరం, సీళ్లు, వేలిముద్రలు అక్కడ ఉంటాయి. సీలు సిరా కాగితంలోకి ఇంకిందో, కలర్ జిరాక్సులో లాగా పైపైన మెరుస్తోందో కాగితం వాల్చి చూస్తే తెలుస్తుంది. లింకు డాక్యుమెంట్లూ (అంతకు ముందు చేతులు మారిన పాత దస్తావేజులు) ఇలాగే చూడాలి. "ఒరిజినల్ పోయింది" అంటే పోలీసులకిచ్చిన ఫిర్యాదు, పేపరు ప్రకటన అడగండి. నోటిమాట నమ్మకండి.

బ్యాంకు లోను ఉంటే భయపడక్కర్లేదు, అదొక రకంగా నయం. అమ్మేవారితో కలిసి బ్రాంచికి వెళ్లి, బాకీ ఎంతో రాసిచ్చే లెటరు, బ్యాంకు దగ్గరున్న డాక్యుమెంట్ల జాబితా తీసుకోండి. ఆ బాకీ సొమ్ము లోను ఖాతాకే కట్టండి, అమ్మేవారి చేతికి ఇవ్వకండి. లోను తీరిన 30 రోజుల్లో కాగితాలు తిరిగివ్వాలి, ఆలస్యానికి బ్యాంకు కారణమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి అన్నది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధన.

అమ్మేవారికీ ఇదే కాగితంతో ముప్పు. కొనేవారికి చూపించండి, కానీ మీ ఇంట్లో, మీ ఎదుటే. లీగల్ ఒపీనియన్‌కని ఒరిజినల్ బ్రోకరు చేతికి ఇవ్వకండి, జిరాక్సు చాలు. అడ్వాన్సుగా 20,000 గానీ, అంతకు మించి గానీ నగదు తీసుకోకండి. తీసుకున్నంతా జరిమానాగా పడేది మీకే.

ఇక మిగిలినవి.

మన దగ్గర అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు లెక్కలో 72. నెల్లూరు లెక్క నడిచే నాయుడుపేట కూడా ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. నోటితో అంకణాలని బేరమాడుకున్నా కాగితం మీద చదరపు గజాలు రాయించండి.

సర్వే నంబరు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందేమో చూడండి. ఇంటి నంబరుతో వెతికి ఊరుకోకండి. మఠం భూమి, డీకేటీ పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) అని తేలితే బేరం మానుకోండి.

పిత్రార్జితమైతే ఆడబిడ్డల సంతకాలు తప్పవు. "మా అక్క ఏమీ అనదు" అన్న మాట కోర్టులో నిలవదు.

అమ్మేవారి కొడుకు అమెరికాలో ఉండి జీపీఏ (తన తరఫున అమ్మే అధికారం ఇచ్చే పత్రం) పంపితే, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టారా? రాసిచ్చిన మనిషి బతికే ఉన్నారా? మనిషి పోతే జీపీఏ చెల్లదు. వీడియో కాల్ చేసి మాట్లాడండి.

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి 1% టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పట్టి కట్టండి. అమ్మేవారు ఎన్నారై అయితే 1% చాలదు, రేటు చాలా ఎక్కువ. తక్కువ పట్టుకుంటే మిగతాది మీ దగ్గరే వసూలు చేస్తారు. ఆడిటరును ముందే అడగండి.

ఫ్లాటుకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే పత్రం) అడగండి. మీ వాటా భూమి ఎన్ని గజాలో దస్తావేజులో ఉండాలి.

2021 నవంబరు వానలకు ఆ వీధిలో నీళ్లు ఎంతెత్తున వచ్చాయి? అమ్మేవారిని కాదు, ఎదురింటివారిని అడగండి.

ఒరిజినల్ చూశారా? మీ ఆవిడ చూశారా? బ్రోకరు చూశాడంటే చూసినట్టు కాదు.

అగ్రిమెంటు రిజిస్టరు చేయించండి. అప్పుడే ఈసీలోకి ఎక్కుతుంది, రెండో మనిషికి తెలుస్తుంది.

"ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నారు" అని తొందరపెడితే రానివ్వండి.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున ఈసీ మళ్లీ తీయండి. ఒరిజినల్స్ మీ చేతిలోకి వచ్చాకే చివరి డీడీ ఇవ్వండి.