వరద పోస్టుల నుంచి వీధి మ్యాప్ ఎలా గీయాలి?

వరదలో చిక్కుకున్నవాళ్ల కోసం జనం పెట్టే పోస్టులతో, ఏ వీధి మునిగిందో చూపే మ్యాప్ ఇది. ల్యాప్‌టాప్, గూగుల్ షీట్, సొంత మ్యాప్ గీసుకునే గూగుల్ మై మ్యాప్స్. సరంజామా ఇంతే. ఫోన్లో ఈ పని చేయకండి, పిన్ రెండు వీధులు అవతల పడుతుంది.

షీట్‌లో ఆరు గళ్లు: పోస్టు లింకు, పోస్టు పెట్టిన సమయం, అక్కడ జరిగిన సమయం, చోటు, దాన్ని ఎలా తేల్చారు, పిన్ రంగు. ఉదాహరణకు విజయవాడ వరదైతే, ఎక్స్ (పాత ట్విట్టర్), ఫేస్‌బుక్‌లలో వెతికేటప్పుడు ‘సింగ్‌నగర్’తో ఆగొద్దు. ‘అజిత్‌సింగ్ నగర్’, ‘పైపుల రోడ్డు’, ‘బెజవాడ’ అన్నీ వెతకాలి, ఇంగ్లీషు అక్షరాల్లో కూడా. కంగారులో ఉన్నవాళ్లు తెలుగును ఆ అక్షరాల్లోనే కొట్టేస్తారు.

ఇక అసలు పని చోటు తేల్చడం. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. పోస్టు కింద లొకేషన్ కనబడగానే పిన్ గుచ్చేస్తారు. అది పోస్టు పెట్టిన మనిషి ఉన్న చోటో, ఎంచుకున్న చోటో కావచ్చు, నీళ్లున్న చోటే కానక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచింది. అలాంటప్పుడు అక్కడ చిక్కుకున్న అమ్మానాన్నల కోసం హైదరాబాద్‌లో ఉన్న కొడుకు పోస్టు పెడతాడు. ఫొటో ఫైల్లో దాగిన వివరాలు (తీసిన చోటు, సమయం) చూద్దామన్నా, ఎక్స్‌లోనూ వాట్సాప్‌లోనూ అవి మామూలుగా చెరిగిపోతాయి.

పేరునూ నమ్మలేం. కొత్తపేట విజయవాడలో ఉంది, గుంటూరులోనూ ఉంది. ‘ఫ్లైఓవర్ దగ్గర’ అంటే సింగ్‌నగర్‌దా, బెంజి సర్కిల్‌దా, దుర్గగుడి కిందిదా? అందుకే ఫొటోలో కదలని గుర్తులు రెండు దొరకాలి: షాపు బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, గుడి గోపురం, నీళ్ల ట్యాంకు. గూగుల్ మ్యాప్స్‌లో జనం పెట్టిన ఫొటోలతో వాటిని పోల్చండి. రెండూ కుదిరితేనే నీలం పిన్. ఒక్కటే కుదిరితే పసుపు. ఏదీ కుదరకపోతే, ఎంత గుండె తరుక్కుపోయే పోస్టయినా మ్యాప్ మీదికి రాకూడదు, షీట్‌లోనే ఉండాలి.

సమయం తేల్చడం ఇంకా కష్టం. 2009 అక్టోబరు కృష్ణా వరద దృశ్యాలు కొత్తవాటిలో కలిసిపోతాయి. ప్రకాశం బ్యారేజీ ఫొటో వస్తే ముందు ఇంద్రకీలాద్రి వైపు చూడండి. కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచింది 2020లో. అది ఉండాల్సిన చోట ఖాళీగా ఉంటే ఫొటో పాతది. గేట్లకు పెద్ద పడవలు ఇరుక్కుని ఉంటే 2024 సెప్టెంబరుది కావచ్చు. ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో పాత తేదీతో ఒక్కసారి దొరికినా ఆ పోస్టు తీసేయండి. ఒకే వీడియో నలభై మంది పెట్టినా పిన్ ఒక్కటే.

పోస్టుల సంఖ్యను బట్టి మ్యాప్‌ను ఎర్రగా పులిమే సాఫ్ట్‌వేర్లను నేను వాడను. కరెంటూ సిగ్నలూ ఉన్న వీధే వాటిలో ఎర్రబడుతుంది. మొదటి అంతస్తు దాకా మునిగిన ఇంట్లో ఫోన్ రాత్రికే ఆగిపోతుంది. పొద్దుటి నుంచి పోస్టులు వచ్చి, సాయంత్రానికి ఒక్కసారిగా ఆగిపోయిన వీధికి నేను ఊదా రంగు వేస్తాను. పడవ ముందు వెళ్లాల్సింది అక్కడికే. ఈ మౌనాన్ని లెక్కించే సాఫ్ట్‌వేర్ నాకింతవరకు కనబడలేదు.

కృష్ణలంక వైపు కృష్ణమ్మ నీళ్లనూ, సింగ్‌నగర్ బుడమేరు నీళ్లనూ మ్యాప్‌లో ఒకే పొరలో (లేయర్‌లో) వేయకండి. అవి వచ్చే దారి వేరు, తీసే వేళ వేరు.

పిన్ వివరాల్లో పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు రాయొద్దు. వాటిని సహాయ బృందానికి విడిగా పంపండి. ప్రతి పిన్‌కూ చివరిసారి సరిచూసిన సమయం వేసి, అప్పటినుంచి ఆరు గంటలు దాటినదాన్ని బూడిద రంగులోకి మార్చండి.