కార్తీక ఆదివారం భీమిలి రైడ్‌కి వెళ్తున్నారా? ముందు ఇవి మాట్లాడుకోండి

కార్తీకమాసం మొదలైందంటే విశాఖ బీచ్ రోడ్డు మీద ఆదివారం పూట బండి పెట్టుకోడానికి చోటు దొరకదు. వనభోజనాల బస్సులు, వండిన గిన్నెలతో సహా ఆటోల్లో దిగే కుటుంబాలు, రుషికొండ దగ్గర కాలేజీ పిల్లలు, వీళ్ల మధ్యలోంచి పదీ పదిహేను బైకుల గుంపులు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా 25 కిలోమీటర్ల పైచిలుకే కదా, గంటలో వెళ్లొచ్చేస్తాం అనుకుంటారు అందరూ. ఆ ధీమాతోనే ముందు ఏమీ మాట్లాడుకోకుండా "పొద్దున్నే ఆరింటికి బీచ్ దగ్గర కలుద్దాం మావా" అని ఒక్క మెసేజ్ పెట్టేసి పడుకుంటారు.

నన్నడిగితే ఈ రోడ్డు మీద ఒంటరిగా వెళ్లేవాడికి ఉన్న ప్రమాదం వేరు, గుంపుగా వెళ్లేవాళ్లకి ఉన్న ప్రమాదం వేరు. ఒంటరిగా వెళ్లేవాడు తన స్పీడులో తను వెళ్తాడు, సముద్రం చూడాలనిపిస్తే ఆగుతాడు. గుంపులో అలా కాదు. ముందువాడు 60లో వెళ్తుంటే, మధ్యలో సిగ్నల్ పడో బస్సు అడ్డొచ్చో వెనకపడ్డవాడు వాళ్లని అందుకోవాలని 80, 90 తొక్కుతాడు. పడిపోయేది ఎక్కువగా అతనే. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఎవరు ముందు వెళ్తారని కాదు, చివర ఎవరు ఉంటారని.

చివర ఉండేవాడు బాగా అనుభవం ఉన్నవాడై ఉండాలి, అతని దగ్గర టూల్ కిట్, ఫస్ట్ ఎయిడ్ బాక్సు, ఫుల్ ఛార్జింగ్ ఉన్న ఫోన్ ఉండాలి, అతన్ని దాటి వెనక్కి ఎవరూ ఉండకూడదు. ముందు నడిపించేవాడు, అంటే లీడ్, రోడ్డు తెలిసినవాడు కావాలి, పైగా మనసు కొంచెం నెమ్మదైన మనిషి కావాలి. కొత్తగా నేర్చుకున్నవాళ్లని, 110 సీసీ స్కూటర్ల మీద వచ్చేవాళ్లని లీడ్ వెనకే రెండు మూడు స్థానాల్లో పెట్టండి. వాళ్ల స్పీడే గుంపు స్పీడు. బుల్లెట్ ఉన్నవాళ్లకి ఇది చిరాగ్గా ఉంటుంది, ఉండనివ్వండి. ఏడెనిమిది బళ్లు దాటితే రెండు జట్లుగా విడిపోయి పది నిమిషాల తేడాతో బయల్దేరడం మేలు. పదిహేను బళ్లు ఒకే వరసలో వెళ్తే వెనకొచ్చే కారువాడికి ఓవర్‌టేక్ చేసే దారి ఉండదు, వాడు విసిగిపోయి మన మధ్యలోకి దూరతాడు.

విడిపోయినా కంగారు పడకుండా ఉండాలంటే ఆగే చోట్లు ముందే అనుకోవాలి. తెన్నేటి పార్కు, రుషికొండ, తొట్లకొండ మలుపు, భీమిలి, ఇలా. "ఎవరు తప్పిపోయినా తర్వాతి చోట అందరూ వచ్చేదాకా ఆగుతాం" అని అందరి ముందూ ఒకసారి గట్టిగా చెప్పండి. ఈ ఒక్క మాట చెబితే అందుకోవాలన్న తొందర సగం తగ్గిపోతుంది. బండి మీద ఉండగా ఫోన్ తీసి "ఎక్కడున్నార్రా" అని మెసేజ్ పెట్టే పనీ తప్పుతుంది.

రోడ్డు మీద ఇద్దరు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ వెళ్లకూడదు. రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఎడమా కుడీ అడుగులు మార్చి వేసినట్టు వెళ్లాలి. లీడ్ మన లేన్‌లో కుడి అంచుకి, రెండోవాడు ఎడమ అంచుకి, మూడోవాడు మళ్లీ లీడ్ వెనక కుడి పక్కకి. ఏటవాలుగా ముందున్న బండికి ఒక సెకను దూరం, సూటిగా ముందున్న బండికి రెండు సెకన్ల దూరం. 60లో వెళ్లే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది, అంటే సూటిగా ముందున్నవాడికీ మీకూ మధ్య 33 మీటర్లు ఉండాలి. చూడ్డానికి మరీ ఎక్కువ ఖాళీ అనిపిస్తుంది, కానీ ముందువాడు కుక్క అడ్డొచ్చి బ్రేక్ కొట్టినప్పుడు ఆ ఖాళీయే అక్కరకొస్తుంది. మలుపుల దగ్గర, ఊళ్ల మధ్య ఇరుకైన చోట అందరూ ఒకరి వెనక ఒకరు అయిపోవాలి. ఓవర్‌టేక్ కూడా ఒక్కొక్కరే, ఎవరి కళ్లతో వాళ్లు చూసుకునే చెయ్యాలి. ముందువాడు వెళ్లాడు కదా అని వెనకాలే వెళ్లకండి, అతను వెళ్లినప్పుడు ఎదర ఖాళీగా ఉంది, మీరు వెళ్లేసరికి లారీ ఉండొచ్చు.

ఇక ఈ రోడ్డుకే ఉన్న తిరకాసు ఒకటుంది. విశాఖ నుంచి భీమిలి వెళ్తుంటే సముద్రం మనకి కుడి చేతి వైపు ఉంటుంది. మనం వెళ్లేది ఎడమ పక్క. జోడుగుళ్లపాలెం దాటాక ఒక్కసారిగా నీలంగా సముద్రం కనిపించగానే ఎవరో ఒకరు "ఒరేయ్ ఇక్కడ ఫొటో" అని అరుస్తారు, డివైడర్ లేని చోట రోడ్డుకి అడ్డంగా బండి తిప్పేస్తారు, డివైడర్ ఉన్నచోట సందు చూసుకుని రాంగ్ రూట్‌లో వచ్చేస్తారు. వెనకున్నవాళ్లలో ఒకడు బ్రేక్ కొడతాడు, ఒకడు అదే ఊపులో తిప్పుతాడు, ఎదురుగా 900కె బస్సు వస్తుంటుంది. అందుకని ఫొటోలన్నీ తిరుగు ప్రయాణానికి దాచుకోండి. వచ్చేటప్పుడు సముద్రం మన ఎడమ పక్కనే ఉంటుంది, రోడ్డు దాటే పని లేదు. ఇండికేటర్ వేసి, తారు దిగి పూర్తిగా పక్కకి తీసి ఆపుకోవచ్చు. వెళ్లేటప్పుడు ఎంత అందంగా కనిపించినా సరే, అనుకున్న చోటే ఆగాలి.

అలా పక్కకి తీసేచోట ఇసుక. తారు రోడ్డు మీదకి గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పల్చగా, రోడ్డు రంగులోనే కలిసిపోయి ఉంటుంది, దూరానికి కనిపించదు. దాని మీద బండి వంచి ఉండగా ముందు బ్రేక్ పట్టుకుంటే చక్రం జారిపోతుంది. బ్రేక్ గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ని 125 సీసీ దాటిన బళ్లకి 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు గానీ, మలుపులో ఇసుక మీద జారే బండిని అది కూడా నిలబెట్టలేదు. స్పీడు మలుపులోకి వెళ్లకముందే తగ్గించెయ్యాలి, ఇసుక మీదకి వచ్చాక బండి నిటారుగా ఉంచి, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, బ్రేక్ ముట్టుకోకుండా దాటెయ్యాలి. మంగమారిపేట లాంటి మత్స్యకార గ్రామాల దగ్గర ఇంకో సంగతి. చేపల బళ్లలోంచి కారిన మంచునీళ్లు రోడ్డు మీద చారలుగా ఉంటాయి, అవి వట్టి నీళ్లు కాదు, జిడ్డు. రోడ్డు పక్కన వలలు ఆరేసి ఉంటాయి, ఎండు చేపలు పరిచి ఉంటాయి, పిల్లలు ఆడుకుంటుంటారు. అది వాళ్ల వాకిలి. అక్కడ 30కి మించి వెళ్లే పనేముంది, హారన్ల మోతా, సైలెన్సర్ రేజ్ చెయ్యడాలూ దేనికి?

బండి ముందురోజు సాయంత్రమే చూసుకోండి, పొద్దున్న ఆరింటికి పంక్చర్ షాపు తీసి ఉండదు. టైర్లలో గాలి, ముఖ్యంగా వెనక మనిషి కూర్చుంటే ఎంత ఉండాలో చైన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కర్ ఉంటుంది, చూసి పట్టించండి. బ్రేకులు, చైన్ బిగువు, వెనక లైటు. వెనక లైటు వెలగని బండిని గుంపులో రానివ్వకండి, మొహమాటం లేదు.

హెల్మెట్ ఇద్దరికీ. వెనక కూర్చునేవాళ్లకి కూడా చట్టం ప్రకారం తప్పనిసరే. ఐఎస్ఐ మార్కు ఉన్నది పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించండి. పట్టీ పెట్టని హెల్మెట్ మనం పడ్డప్పుడు మనకంటే ముందే పడిపోతుంది. వెనక చున్నీతోనో చీరతోనో కూర్చుంటే బయల్దేరే ముందు దాని కొస ఎక్కడుందో కళ్లతో చూడండి. చుట్టి నడుముకి కట్టేసుకోమనండి, లేదా చున్నీ తీసి సంచిలో పెట్టమనండి. వెనక చక్రంలో పడ్డ చున్నీ మెడని లాగేస్తుంది, ఆపేలోపే అయిపోతుంది. చెప్పులు వద్దు, బూట్లే. అప్పుడే ఆపిన బండి సైలెన్సర్‌కి పిక్క ఆనితే కాలిన మచ్చ ఏళ్ల తరబడి పోదు, దిగేటప్పుడు ఏ వైపు దిగాలో ముందే చెప్పండి.

వాతావరణం సంగతి. అక్టోబరు, నవంబరు అంటే బంగాళాఖాతంలో అల్పపీడనాల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది, అప్పుడు ఈ రోడ్డు ఏమైందో విశాఖవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. తుఫాను దాకా వెళ్లక్కర్లేదు, వట్టి అల్పపీడనం ఉన్నప్పుడు కూడా ఊళ్లో ఎండ కాస్తుంటుంది, తీరం మీద మాత్రం ఉన్నట్టుండి పక్కగాలి కొడుతుంది. బిల్డింగుల చాటు నుంచి ఖాళీ చోటికి రాగానే తేలిక బండిని ఒక అడుగు పక్కకి నెట్టేస్తుంది. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి, మోకాళ్లతో ట్యాంకు పట్టుకుని, పక్కబండికి దూరం పెంచండి. ముందురోజు రాత్రి వాతావరణ శాఖ బులెటిన్ చూడండి, మత్స్యకారుల్ని వేటకి వెళ్లొద్దన్నారంటే రైడ్ వచ్చేవారానికి మార్చుకోండి. సముద్రం మీద బతికేవాళ్లే ఇంట్లో కూర్చున్న రోజు మనం ఒడ్డున ఏం చేస్తాం?

రైడ్ అంటే బండి గురించే అనుకుంటాం గానీ, ఈ దారిలో నాకు ఎక్కువ టెన్షన్ బండి దిగాకే. ఆర్కే బీచ్‌లో, రుషికొండలో, భీమిలిలో నీళ్లలోకి దిగి కొట్టుకుపోయినవాళ్ల వార్తలు ఏటా చదువుతూనే ఉంటాం, ఎక్కువమంది కుర్రాళ్లే, గుంపుగా వచ్చినవాళ్లే. అలలు విరగకుండా నీళ్లు ప్రశాంతంగా, కొంచెం ముదురు రంగులో కనిపించే చోటు చూసి ఇక్కడ సేఫ్ అనుకుని దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లు లోపలికి తిరిగి లాగేసే చోటు చాలాసార్లు అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఎంత ఈత వచ్చినవాడైనా అలిసిపోతాడు. తేలుతూ ఉండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి రండి. స్నేహితుడు కొట్టుకుపోతుంటే వెంటనే దూకెయ్యకండి, ఖాళీ నీళ్ల క్యానో, తాడో, ట్యూబో విసరండి, లైఫ్‌గార్డుని, దగ్గర్లో ఉన్న మత్స్యకారుల్ని పిలవండి. భీమిలిలో గోస్తనీ నది కలిసే చోట ఇసుక తిన్నె గట్టిగా కనిపిస్తుంది, దాని అంచున నిలబడి సెల్ఫీలు వద్దు. జీన్స్ ప్యాంటుతో నీళ్లలోకి అసలే వద్దు, తడిస్తే రాయిలా లాగుతుంది.

ఇసుక మీద సైడ్ స్టాండ్ వేస్తే దిగబడి బండి పడిపోతుంది, ఒక బండి పక్కదాని మీద, అది ఇంకోదాని మీద. స్టాండ్ కింద చదునైన రాయో చెక్కముక్కో పెట్టండి. భీమిలి దగ్గరున్న ఎర్రమట్టి దిబ్బల్లోకి మాత్రం బండి దింపొద్దు, అది కాపాడుకోవాల్సిన చోటు. వాన పడ్డాక ఆ అంచులు విరిగి పడతాయి కూడా.

తిరిగి రావడం ఎన్నింటికి? ఇది ఎవరూ అనుకోరు. నవంబరులో విశాఖలో సాయంత్రం అయిదున్నరలోపే సూర్యుడు దిగిపోతాడు. వచ్చేది నైరుతి దిక్కుగా, అంటే దిగే సూర్యుడు ఇంచుమించు కళ్లలోకే కొడతాడు, ఆ తర్వాత ఇరవై పాతిక నిమిషాల్లో చీకటి. ఆ టైముకే వనభోజనాల బళ్లన్నీ ఒక్కసారిగా కదుల్తాయి, వాటిలో మందు కొట్టి నడిపేవాళ్లూ ఉంటారు, రోడ్డు మీద ఆవులు పడుకుని ఉంటాయి. నాలుగింటికల్లా భీమిలి వదిలెయ్యండి. మనవాళ్లలో ఎవరైనా బీరు తాగితే, "ఒక్కటే మావా" అన్నా సరే, తాళం చివరివాడి జేబులోకి వెళ్లాలి, ఆ మనిషి ఇంకొకరి వెనక కూర్చుని రావాలి, బండి సంగతి రేపు చూసుకోవచ్చు. రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే చట్టం ప్రకారం నేరం, బీరుతో అది దాటడం పెద్ద కష్టం కాదు.

ఎవరైనా పడితే ముందు వెనకొచ్చే బళ్లని ఆపాలి, ఇద్దరు వెనక్కి నడిచి వెళ్లి లైట్లు ఊపాలి, మిగతా బళ్లు రోడ్డు మీద గుమిగూడకూడదు. పడ్డవాడి హెల్మెట్ లాగెయ్యకండి, లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించకండి. ఊపిరి ఆడకపోతేనో వాంతి అవుతుంటేనో మాత్రమే హెల్మెట్ తియ్యాలి, అదీ ఇద్దరు, ఒకరు మెడ కదలకుండా పట్టుకుని. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమండి. 108కి ఫోన్ చేసి "బీచ్ రోడ్డు" అంటే వాళ్లకేం తెలుస్తుంది, దగ్గర్లో ఉన్న బస్టాపో గుడో ఊరో పేరు చెప్పండి, విశాఖ వెళ్లే వైపా భీమిలి వెళ్లే వైపా కూడా చెప్పండి. పడింది మీవాడు కాకపోయినా ఆగండి. సాయం చేసినవాళ్లని కేసులతో ఇబ్బంది పెట్టకూడదని 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోనే రాశారు, పేరు చెప్పమని బలవంతం చెయ్యడానికి కూడా లేదు.

ఇంటికొచ్చాక బద్ధకించి బండి అలాగే వదిలెయ్యకండి. ఉప్పుగాలి, తడి ఇసుక ఒక్క రాత్రిలో చైన్‌ని ఎర్రగా చేస్తాయి. మామూలు నీళ్లతో మెల్లగా కడిగి, తుడిచి, ఆరాక చైన్‌కి లూబ్ కొట్టి, బ్రేక్ డిస్క్ మీద పడకుండా చూసుకుని, అప్పుడు కవర్ కప్పండి.