ఒకే కప్పు కింద వీధి తిండి: తిరుపతిలో ఫుడ్ కోర్టుకు వెళ్లి సరిగ్గా తినడం ఎలా?

రోడ్డు పక్కన నిలబడాల్సిన బండ్లన్నీ ఒక రేకుల షెడ్డులోకో, కాంప్లెక్సు కింది అంతస్తులోకో చేరితే దానికి ఫుడ్ కోర్టని పేరు. వాన వచ్చినా తడవం, లీలామహల్ సర్కిల్ ఆటోల హారన్లు చెవిలో మోగవు. అయినా వచ్చినవాళ్లలో సగం మంది చేసేది ఒకటే. తలుపు దగ్గర ఖాళీగా కనిపించిన మొదటి టేబుల్ ముందు కూలబడతారు. ఎదురుగా ఉన్న కౌంటర్లోనే దోసె, నూడుల్స్, పానీపూరి, బజ్జీ అన్నీ ఒకేసారి చెప్పేస్తారు. అన్నీ ఒకేసారి వచ్చి టేబుల్ మీద చల్లారిపోతాయి. చివరికి "ఏం రుచి లేదప్పా" అని లేచిపోతారు. తప్పు వంటది కాదు.

వేళ

సాయంత్రం ఆరు, ఆరున్నర మధ్య లోపల ఉండాలి. అంతకన్నా ముందు పోతే పెనాలు వేడెక్కి ఉండవు. ఎనిమిది దాటితే మాస్టరు చేతికి తీరిక ఉండదు. శనివారం ఈ ఊళ్లో చాలామందికి ఒక్కపొద్దు కాబట్టి మాంసం కౌంటర్లు మందకొడిగా ఉంటాయి. టిఫిన్ల వైపు మాత్రం కొండ దిగి వచ్చినవాళ్లతో కిక్కిరిసిపోతుంది. పెరటాసి నెలంతా (తమిళ నెల, సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా) ఇదే వరస. నాటుకోడి పులుసు తినాలనుకుంటే ఆదివారం మధ్యాహ్నం రండి, అప్పుడు కుండ వెంటవెంటనే ఖాళీ అయి మళ్లీ నిండుతుంది.

వెంట తెచ్చుకోవాల్సినవి

పది, ఇరవై రూపాయల నోట్లు, నీళ్ల బాటిల్, చేతి రుమాలు. రేకుల కింద, సెల్లార్లలో సిగ్నల్ సరిగా అందదు. వెనకాల పదిమంది నిలబడి ఉండగా యూపీఐ చక్రం తిరుగుతూ ఉంటే తల తీసేసినట్టుంటుంది. ప్రీపెయిడ్ కార్డు పెట్టిన చోట ఇద్దరికి మూడు వందలు వేయించండి, చాలకపోతే మళ్లీ వేయించుకోవచ్చు. అంతే.

మొదటి చుట్టు: ఏమీ కొనొద్దు

హాలంతా ఒకసారి తిరిగి రావాలి, జేబులో చెయ్యి పెట్టకుండా. చూడాల్సినవి మూడు. బోర్డు మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు ఉందా. పొయ్యి మీద పొగ లాగే చిమ్నీ నిజంగా పనిచేస్తోందా. ఆ బండి ఎన్ని రకాలు అమ్ముతోంది. 99 రకాల దోసెలని రాసిన బోర్డు కనిపిస్తే అటు తిరగకండి. దోసె మీద చీజు, నూడుల్స్, పనీర్ కుమ్మరిస్తే ఆ పెనం మీద మరే రుచీ నిలవదు. ఒకటో రెండో వస్తువులు మాత్రమే చేసే బండి దగ్గరే పనితనం ఉంటుంది.

కూర్చునే చోటు కూడా ఈ చుట్టులోనే చూసుకోండి. మిరపకాయలు వేయించే మంచూరియా పొయ్యికి ఎదురుగా వద్దు. బయట అయితే ఆ ఘాటు గాలికి పోతుంది, కప్పు కింద అది మన కళ్లలోకే వస్తుంది. ఫ్యాను కింద కూడా వద్దు, రెండు నిమిషాల్లో దోసె తోలైపోతుంది. బయటికి పోయే రెండో దారి ఎక్కడుందో ఒక కన్నేసి ఉంచండి, ఇన్ని గ్యాస్ సిలిండర్ల మధ్య అది అవసరం.

వరస

ముందు గుంత పొంగణాలు, తర్వాత కారం దోసె, ఆ తర్వాత ఒక్క మిరపకాయ బజ్జీ, నడుస్తూ మసాలా బొరుగులు, చివర నన్నారి సర్బత్. ఈ వరస మార్చొద్దు. రాగి సంగటి, ఊరిబిండి (చెనిక్కాయల పచ్చడి) తినాలనిపిస్తే అది విడిగా ఇంకో రోజు పని. ఒక ముద్ద సంగటి కడుపులో పడితే ఇంక దేనికీ చోటుండదు. రెండు ఆర్డర్లు ఎప్పుడూ కలిపి ఇవ్వొద్దు. ఒకటి తిని లేచి రెండోది చెప్పాలి.

పొంగణాల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఇద్దరికి ఆరు. ఇనప గుంతల పెనం మీద పుల్లతో తిప్పుతుండగా నిలబడి, రెండు వైపులా ఎర్రబడ్డవే అడిగి తీసుకోండి. చెనిక్కాయల చట్నీ లేకపోతే వదిలేయండి.

కారం దోసె: అందరూ బోల్తా పడేది ఇక్కడే

టోకెన్ ఇచ్చి టేబుల్ దగ్గర కూర్చోవడం మొదటి తప్పు. పెనం కనిపించే చోట నిలబడాలి. పెద్ద పెనం మీద ఒక్కో వాయికి ఆరో ఎనిమిదో దోసెలు వేస్తారు. వాయికీ వాయికీ మధ్య మాస్టరు నీళ్లు చల్లి, పొరకతో తుడిచి, నూనె రాసిన సగం ఎర్రగడ్డతో రుద్దుతాడు. ఆ నీళ్లు చూడండి. చుయ్ మని ఆవిరై పోతే పెనం పదును మీద ఉంది. ముత్యాల్లా ఎగిరి దొర్లితే మరీ కాగింది, పిండి పరుచుకోకుండా గరిటెకే చుట్టుకుంటుంది. ఆ వాయిని పక్కవాళ్లకు వదిలేసి, తర్వాతి వాయికి మీ టోకెన్ ఇవ్వండి. తొందరపెట్టే జనం ఉన్నచోట మాస్టరు మంట తగ్గించడు, కాబట్టి తొందరపెట్టే జనంలో మీరు ఉండకండి.

రెండో తప్పు ఎర్రకారం దగ్గర. ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు కలిపి నూరిన పచ్చి ముద్ద అది. పది మిరపకాయలకు ఒక మోస్తరు ఎర్రగడ్డ, ఐదారు తెల్లగడ్డ రెబ్బలు పడితే లెక్క సరిపోతుంది. దోసె మీద పిండి ఇంకా తడిగా ఉండగానే దాన్ని పూస్తే పిండిలో కలిసిపోయి ఉడకదు. తెల్లగడ్డ పచ్చి వాసన నోట్లో, మంట కడుపులో మిగులుతాయి. దోసె పైన చిన్న చిన్న చిల్లులు పడి, తడి మెరుపు పోయాక పూయాలి. పూశాక మంట తగ్గించి, అంచుల చుట్టూ నూనె వదిలి, కారం రంగు ఒక పిసరు ముదిరేదాకా ఆగాలి. మంట ఎక్కువైతే తెల్లగడ్డ మాడి చేదెక్కుతుంది. పచ్చికీ మాడుకీ మధ్య అర నిమిషమే తేడా.

అందుకని పిండి పరిచిన వెంటనే ఒక మాట వేయండి: "అన్నా, కారం బాగా కాలనీ, తొందరేం లేదు." ఇంత చాలు. "కారం తక్కువెయ్ అన్నా" అనడం మాత్రం వద్దు. తక్కువ పూస్తే అది ఎండి మాడుతుంది. కారం తట్టుకోలేనివాళ్లు పప్పుల పొడి ఎక్కువ చల్లమని అడగాలి, పొడి ఘాటును కొంత పీల్చుకుంటుంది. ఉర్లగడ్డ కూర పక్కన వేయించుకోండి, లోపల వద్దు. లోపల పెడితే ఆ తడికి దోసె అడుగు మెత్తబడుతుంది. మైసూరు మసాలా దోసెలో కూర లోపలే పెడతారు కదా అంటారు. అది వేరే దోసె, దాని కారం వేరే. దాని లెక్కలు దీనికి తెచ్చి కలపొద్దు.

మూడో తప్పు పార్సిల్. వేడి దోసెను మూత పెట్టి మూసేస్తే లోపలి ఆవిరి నీళ్లై దాని మీదే కారుతుంది. ఇంటికి పోయేసరికి అది దోసె కాదు, కారం పూసిన గుడ్డ. ప్లేటు మీద ప్లాస్టిక్ కాగితం పరిచి వేడి దోసె వేయబోతే ఆపి, అరిటాకు ముక్క గానీ విస్తరి గానీ అడగండి. న్యూస్‌పేపర్లో ఏదైనా చుట్టిస్తే తీసుకోకండి. అందులో తిండి కట్టకూడదని ప్రభుత్వ నిబంధనే ఉంది, సిరా నూనెకు కరిగి తిండికి అంటుతుంది.

బజ్జీ, మిగతావి

బజ్జీకి చూడాల్సింది నూనె. పిండి ముంచిన మిరపకాయ పడగానే పెద్ద పెద్ద బుడగలు లేచి, వేగేకొద్దీ తగ్గుతుంటే నూనె బాగుంది. సన్నటి నురగ మూకుడు అంచుదాకా పొంగి ఎంతకీ అణగకపోయినా, అంచున జిగురు కట్టినా, ఆ బండి దాటిపోండి. వాడేసిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన ఉంది. దాన్ని కొలిచే మీటరు మన దగ్గర ఉండదు, నురగ మాత్రం కళ్లకు కనిపిస్తుంది. సగం వేయించి పెట్టిన బజ్జీలను రెండోసారి వేసి ఇస్తారు, అవి నూనె పీల్చి బరువెక్కుతాయి. పచ్చి మిరపకాయ పిండిలో ముంచడం కళ్లారా చూసిందే తీసుకోండి. చీల్చి ఎర్రగడ్డ, నిమ్మరసం వేయించుకోవడం మీకు తెలిసిందే.

గోబీ మంచూరియా కళ్లు జిగేల్మనే ఎరుపులో ఉంటే ముట్టుకోకండి. పక్కనున్న కర్ణాటకలో 2024 మార్చిలో దాంట్లో కృత్రిమ రంగులు కలపడం నిషేధించారు. పానీపూరి దగ్గర పుదీనా నీళ్లలోకి గరిటె పోతోందా చెయ్యి పోతోందా అన్నదొక్కటే చూడండి. చెయ్యి పోతే తినకండి. బొరుగులు కలిపిన మూడు నిమిషాల్లో తినేయాలి, కాబట్టి ఇద్దరికి ఒక్క పొట్లమే కొనండి.

నన్నారి సర్బత్‌కు గ్లాసులో ముందు నిమ్మరసం, ఆ మీద సిరప్, చివర సోడా పోయించండి. సోడా ముందు పోస్తే కలిపేటప్పుడు గ్యాసంతా పోతుంది. సుగంధిపాల వేరు వాసన రావాలి, ఉత్త చక్కెర తీపే తగిలితే అది ఎసెన్సు. తాగుతూ కార్డు కౌంటరు వైపు నడవండి. మిగిలిన డబ్బు వెనక్కి ఇచ్చే కిటికీని బండ్లకన్నా ముందే మూసేస్తారు.