అక్కకు ఉత్తరంలా ఒక నోట్‌బుక్

మొదట్లో నాకు మూడు నోట్‌బుక్కులుండేవి. చదివిన వాటికి ఒకటి, పెరట్లో పిట్టలకు ఒకటి, కారేసుకుని తిరిగొచ్చిన ఊళ్లకు ఒకటి. ఏది కావాలంటే అది తప్ప మిగతా రెండూ దొరికేవి. విసుగొచ్చి ఆరేళ్ల కిందట అన్నీ ఒకే పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. అప్పట్నుంచి మానలేదు. ఎలా రాస్తావని ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకే ఇది.

గట్టి అట్ట ఉన్న 200 పేజీల రూళ్ల పుస్తకం చాలు. ఖరీదైన డైరీ వద్దు, అందులో తప్పు రాయడానికి చెయ్యి రాదు. కొనగానే పేజీ నంబర్లు వేసేసి, చివరి నాలుగు పేజీలు ఇండెక్సుకు వదిలేయండి. జెల్ పెన్ను అసలు వద్దు. మహానంది కోనేటి మెట్ల మీద కూర్చుని రాసిన రెండు పేజీలు తడిసి నీలం మరక అయిపోయాయి.

రాసేటప్పుడు ఒక మనిషిని ఎదురుగా పెట్టుకోండి. ఈ కిటుకు నాకు ఏనుగుల వీరాస్వామయ్య గారి దగ్గర దొరికింది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. దారి పొడుగునా చూసిందల్లా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లై గారికి రాసి పంపేవారు. వీరాస్వామయ్య గారు పోయాక, 1838లో పిళ్లై గారు దాన్ని అచ్చు వేయించారు. అదే 'కాశీయాత్ర చరిత్ర'. ఎక్కడ నీళ్లు బాగున్నాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, బాట ఎలా ఉంది, అన్నీ రాశారు. ఎవరికో చెబుతున్నాం అనుకుంటే ఇవి వాటంతటవే వస్తాయి. నేను మదనపల్లెలో ఉన్న మా అక్కకు రాస్తున్నట్టు రాస్తాను. పంపను లెండి, ఫోన్లోనే అన్నీ చెప్పేస్తాను.

చదివినదాని గురించి సారాంశం రాయకండి. పేజీ నంబరు, నా మాటల్లో ఒక వాక్యం, ఒక ప్రశ్న. అంతే. పై పుస్తకం చదువుతున్నప్పుడు నేను వేసుకున్న మొదటి ప్రశ్న "ఆమడ అంటే ఎంత?" సుమారు 8 మైళ్లని లెక్క. అది తెలిశాక ప్రతి మజిలీ దూరమూ కిలోమీటర్లలో కళ్లకు కట్టింది.

పిట్టల దగ్గర మాత్రం కాస్త ఓపిక కావాలి. రోజూ ఒకే చోట, ఒకే టైము. నాది వంటింటి వెనక మెట్టు, ఉదయం ఆరున్నర నుంచి ఇరవై నిమిషాలు, చేతిలో కాఫీ. నీళ్లకు పాత మట్టి మూకుడు పెట్టండి. లోతు రెండంగుళాలకు మించకూడదు, మధ్యలో ఒక రాయి ఉండాలి, నీళ్లు రోజూ మార్చాలి. పిల్లి మాటు వేసే పొదల పక్కన పెట్టొద్దు.

పేరు తెలియలేదని రాయడం ఆపకండి. ముందు సైజు రాయండి: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? తర్వాత ఎక్కడ కూర్చుంది, ఏం చేస్తోంది. పేరు ఆఖరున. ఒక వేసవిలో రెండు నెలల పాటు "గోధుమరంగు, ఒళ్లంతా తెల్ల మచ్చలు, కాకి కన్నా కొంచెం చిన్నది" అని రాస్తూ పోయాను. ఏ పిట్టో తెలియలేదు. ఒకరోజు వెనక్కి తిరగేస్తే ప్రతిసారీ ఒకే మాట ఉంది: "కాకులు తరుముతున్నాయి." అప్పుడు వెలిగింది. ఆడ కోయిల! కాకి గూట్లో గుడ్లు పెట్టేది అదే కదా, మరి కాకులు ఊరుకుంటాయా? కోయిలంటే నల్లగానే ఉంటుందని యాభై ఏళ్లు నమ్మాను. నల్లగా ఉండేది మగది, కుహూ అని కూసేదీ అదే.

ఇక ప్రయాణాలు. వీరాస్వామయ్య గారు వెళ్లిన పాత దారంతా ఒకేసారి తిరగాలని ప్లాన్ వేస్తే ఎప్పటికీ కదలరు. పుస్తకంలోంచి రెండు మూడు మజిలీలు తీసుకోండి. మాది నంద్యాల కాబట్టి ఆయన దారిలోని అహోబిలం, మహానంది, ఆత్మకూరు మాకు దగ్గరే, ఏది చూసుకున్నా ఒక్కరోజు పని. ఎడమ పేజీలో ఆయన చెప్పింది ముందే ఎక్కించుకోండి. కుడి పేజీ ఖాళీగా ఉంచి, అక్కడికి వెళ్లాకే నింపండి: ఓడోమీటర్ అంకె, టైము, నీళ్లు ఎక్కడ దొరికాయి. ఊళ్లో పెద్దవాళ్లని "చరిత్ర చెప్పండి" అంటే గుడి కథ ఎత్తుకుంటారు. "బస్సులు రాక ముందు ఎటు నుంచి నడిచేవాళ్లు?" అని అడిగి చూడండి, చేత్తో చూపిస్తారు.

ఆత్మకూరు నుంచి శ్రీశైలానికి అప్పట్లో అడవిలో కాలిబాట. ఇప్పుడు దోర్నాల మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. నల్లమలలో రాత్రి గేట్లు మూసేస్తారు, అందుకే తెల్లారగానే బయల్దేరండి. హారన్ కొట్టొద్దు, కోతులకు ఏమీ వేయొద్దు. స్టెప్నీలో గాలి ఇంట్లోనే చూసుకోండి. అహోబిలం వెళ్లేటప్పుడు చూసుకోక, పంక్చరయ్యి గంటన్నర రోడ్డు పక్కన నిలబడ్డాం. మా ఆయన ముఖం చూడలేక కరెంటు తీగల వంక చూశాను. ఏదో మట్టిరంగు పిట్ట. ఎగరగానే రెక్కల్లోంచి ఆ నీలం! పాలపిట్ట. మెకానిక్ వచ్చేలోపు ఐదుసార్లు ఎగిరింది.

ఇంటికి రాగానే, కాళ్లు కడుక్కోక ముందే ఇండెక్సు రాసేయండి. రేపు అనుకుంటే అయిపోయినట్టే. నాది ఆ రోజుది ఇలా ఉంది: అహోబిలం 112. పాలపిట్ట 112. స్టెప్నీ 112, 113, 114.