సివిల్ దావా స్వయంబోధిని, 4వ పాఠం: కొట్టేసిన దావాను ఏ రూలు కింద లేపాలి?

పోయిన పాఠంలో సమన్ల దాకా వచ్చాం. ఇప్పుడు దావా డిఫాల్టులో పోయిందనుకోండి, అంటే వాయిదాకు రానందుకో ఫీజు కట్టనందుకో కోర్టు కొట్టేసిందనుకోండి. చాలామంది ముందు అఫిడవిట్ రాయడానికి కూర్చుంటారు. అది తర్వాత. ముందు ఆ రోజు ఆర్డర్ షీట్ (వాయిదా వాయిదాకు కోర్టు ఏం జరిగిందో రాసే కాగితం) చదవాలి, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది చూడాలి. దారి అక్కడే చీలుతుంది.

బెంగళూరు సిటీ సివిల్ కోర్టులో ఆర్డర్ షీట్ ఒక్కోసారి కన్నడంలో ఉంటుంది. కంగారు అక్కర్లేదు: 'వాది గైరు' మనకూ అర్థమయ్యేదే, 'వజా' అంటే కొట్టివేత. కోర్టుల వెబ్‌సైట్ ఈకోర్ట్స్‌లో 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ఒక్కో కేసుకు ఇచ్చే గుర్తింపు నంబరు) కొడితే వాయిదాల చరిత్ర కనిపిస్తుంది.

వాది, ప్రతివాది ఇద్దరూ రాకపోతే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 9వ ఆర్డర్ 3వ రూలు. ఇక్కడ 'ఆర్డర్' అంటే ఆ కోడ్‌లో ఒక అధ్యాయం లాంటిది. ప్రాసెస్ ఫీజు (సమన్లు పంపే ఖర్చు) కట్టక సమన్లు వెళ్లకపోతే 2వ రూలు. ఈ రెంటికీ మందు 4వ రూలులో ఉంది: పాత దావాను లేపమని అడగవచ్చు, లేదా కొత్త దావా వేయవచ్చు. కొత్తదానికి కోర్టు ఫీజు మళ్లీ కట్టాలి, కాలపరిమితి కూడా మిగిలి ఉండాలి.

ప్రతివాది వచ్చి వాది రాకపోతే 8వ రూలు. ఇదే ప్రమాదం. అదే కారణం మీద కొత్త దావా వేయకుండా 9వ రూలు అడ్డుపడుతుంది. పునరుద్ధరణ ఒక్కటే దారి, అదీ ఎదుటివాళ్లకు నోటీసు ఇచ్చాకే. అది తిరస్కరిస్తే 43వ ఆర్డర్ కింద అప్పీలుంది. 4వ రూలు కింద తిరస్కరిస్తే అప్పీలు లేదు, హైకోర్టులో రివిజనే.

వకీలు లేచి 'నాకు ఇన్‌స్ట్రక్షన్స్ లేవు' (కక్షిదారు నాకేమీ చెప్పలేదు) అంటే అది హాజరైనట్టు కాదు, గుర్తుంచుకోండి.

దావాను లేపమని అడగడానికి గడువు 30 రోజులు, లిమిటేషన్ చట్టం (కాలపరిమితి చట్టం) 122వ ఆర్టికల్. కొట్టేసిన రోజు లెక్కలోకి రాదు. జూన్ 4న పోతే జూలై 4 ఆఖరు. ఆ రోజు కోర్టుకు సెలవైతే తెరిచిన రోజు వేయవచ్చు. సర్టిఫైడ్ కాపీ కోసం ఆగిన రోజులు అప్పీల్లో మినహాయిస్తారు, ఇక్కడ మినహాయించరు. ఎక్కువమంది జారేది ఇక్కడే.

ఇక అఫిడవిట్. బెంగళూరులో పునరుద్ధరణ అర్జీని మిసలేనియస్ పిటిషన్‌గా వేస్తారు, దానికి ఈ అఫిడవిట్ జతచేస్తారు. 'అనివార్య కారణాల వల్ల రాలేకపోయాను' అనే వాక్యం దండగ. ఇలా రాయండి (కేజీ రోడ్డు కాంప్లెక్సు, మేయో హాల్ ఇక్కడి రెండు కోర్టు భవనాలు): 'కేసు కేజీ రోడ్డు కాంప్లెక్సు నుంచి మేయో హాల్‌కు బదిలీ అయింది. నేను పాత హాల్లో ఉదయం 11 నుంచి కూర్చున్నాను. బదిలీ సంగతి బెంచి క్లర్కు చెప్పగా తెలిసింది.' నిజమైతేనే రాయండి. బదిలీ ఉత్తర్వు కాపీ జతచేయండి. జబ్బయితే సర్టిఫికెట్లో ఆ వాయిదా తేదీ ఉండాలి. తప్పు వకీలుదైతే ఆయన అఫిడవిట్ కూడా పెట్టించండి.

'డిస్మిస్డ్' అని ఉన్నదల్లా డిఫాల్టు కాదు. 17వ ఆర్డర్ 3వ రూలు కింద జడ్జి ఉన్న సాక్ష్యం చూసి తీర్పు రాసేస్తే అది డిక్రీ (హక్కులు తేల్చేసిన తీర్పు), దానికి అప్పీలే వేయాలి.

అభ్యాసం: జనవరి 31, లీపు కాని ఏడాది. 'వాది గైరు. ప్రతివాది వకీలు హాజరు. దావా వజా.' ఏ రూలు? ఆఖరి తేదీ ఏది? జవాబు 5వ పాఠం మొదట్లో. గడువు దాటితే లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని ఏం రాయాలో కూడా అక్కడే.