కొత్త డిస్కులు, ప్యాడ్లు వేశాక బ్రేక్ ఇబ్బంది పెడుతుంటే

మన దేశంలో 2017లో, మళ్లీ 2020లో అమ్మిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ లాంటి కార్లకు ముందు డిస్కులు, ప్యాడ్లు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. జాక్ స్టాండ్లు, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్, 7 మి.మీ. అలెన్ బిట్, డిస్కు స్క్రూకి టీ30 బిట్ దగ్గర పెట్టుకోండి. కారును ఒట్టి జాక్ మీద నిలబెట్టి కింద చేతులు పెట్టొద్దు. అసలు ఇబ్బందులు బిగించాక మొదలవుతాయి. వాటిలో చాలావరకు కొత్త సామాను లోపం కాదు, శుభ్రం చేయకుండా బిగించడం వల్ల వచ్చేవే.

పెడల్ నేలదాకా దిగిపోతోంది

ప్యాడ్లను డిస్కుకు నొక్కే పిస్టన్లను వెనక్కి నెట్టారు కాబట్టి మొదట దిగడం మామూలే. కారు కదపకముందే, ఇంజన్ ఆపి ఉండగానే, పెడల్ గట్టిపడేదాకా మెల్లగా తొక్కండి. ఆ తర్వాత బ్రేక్ ఆయిల్ మట్టం చూడండి. అప్పటికీ మెత్తగా ఉంటే బండి తీయొద్దు. మీరు పైపు విప్పలేదంటే కొత్తగా గాలి చేరే దారి లేదు. మొదట ప్యాడ్లు కాలిపర్ (పిస్టన్ ఉండే బిగింపు) బ్రాకెట్లో సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడండి. ఆయిల్ రెండేళ్లు దాటిందా? అది తేమ పీల్చుకుని ఉంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ ప్రమాణం 155 డిగ్రీలే. ఘాట్ రోడ్డులో వేగంగా దిగే కారుకు అది చాలదు. ఆయిల్ మార్చి గాలి తీయించండి.

బ్రేక్ వేస్తే స్టీరింగ్ అదురుతోంది

ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. మొదట అంతా బాగుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక అదురు మొదలవుతుంది. డిస్కు వంగిపోయిందని చెప్పి ఇంకో జత కొనిపిస్తారు. నిజానికి డిస్కు వంగడం అరుదు. హబ్ (డిస్కు, చక్రం బిగించే భాగం) మీద తుప్పు పొర మిగిలితే డిస్కు దాని మీద సమంగా కూర్చోదు. బ్రేక్ వేయకపోయినా తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడ్‌కి రాసుకుంటుంది. అలా అరిగి అరిగి మందంలో తేడా వస్తుంది. మిల్లీమీటరులో వందో వంతు తేడా వచ్చినా చేతికి తెలుస్తుంది.

డిస్కు తీసి, హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. స్క్రూ రంధ్రం చుట్టూ, మధ్య అంచు చుట్టూ మరీ జాగ్రత్తగా చేయండి. అక్కడ గ్రీజు పూయొద్దు. డిస్కు బిగించి, ఊగు కొలిచే డయల్ గేజ్ పెట్టి తిప్పండి. ఊగు 0.05 మి.మీ. దాటితే విప్పి మళ్లీ శుభ్రం చేయాలి. ఇప్పటికే మందంలో తేడా వచ్చేస్తే హబ్ రుద్దినంత మాత్రాన అదురు పోదు. డిస్కు లేత్ మీద పెట్టించాలి, లేదా మార్చాలి. అంచు మీద చెక్కి ఉన్న కనీస మందం కంటే తగ్గేలా ఉంటే మార్చడమే. చక్రం బోల్టులు ఎదురెదురుగా, 120 న్యూటన్ మీటర్లకు బిగించండి.

వేడెక్కిన బ్రేకుతో పెడల్ తొక్కి పట్టి ఆపినా, ప్యాడ్ పదార్థం ఒకే చోట అంటి ఇలాంటి అదురే వస్తుంది. అందుకే కొత్తలో, వెనుక వాహనాలు లేని రోడ్డులో, 60 నుంచి 20 కిలోమీటర్ల వేగానికి ఓ పదిసార్లు ఒక మోస్తరుగా తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు. తర్వాత బ్రేక్ వాడకుండా కాసేపు నడిపి చల్లారనివ్వండి.

కీచుమంటోంది

కొత్త డిస్కు మీద ఉండే తుప్పు నిరోధక నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడిచారా? ప్యాడ్ చెవులు ఆనే చోట పలచగా బ్రేక్ గ్రీజు పూయండి. రాపిడి ముఖానికి అంటనీయొద్దు.

ఒక చక్రమే వేడెక్కుతోంది, కారు పక్కకు లాగుతోంది

కాలిపర్ అటూఇటూ జరిగే గైడ్ పిన్ పట్టేసి ఉంటుంది, లేదా బ్రాకెట్లో తుప్పు వల్ల ప్యాడ్ ఇరుక్కుని ఉంటుంది. పిన్ను తుడిచి సిలికాన్ గ్రీజు రాయండి. మామూలు గ్రీజు రబ్బరు తొడుగును ఉబ్బిస్తుంది. పిస్టన్ రబ్బరు చిరిగినా, దాని చుట్టూ తడి కనిపించినా అది వర్క్‌షాప్ పని.

వెనుక పిస్టన్ వెనక్కి వెళ్లడం లేదు

వెనుక ప్యాడ్లు కూడా మారుస్తుంటే పిస్టన్‌ను బలవంతంగా నెట్టొద్దు. హ్యాండ్ బ్రేక్ లివర్ ఉన్న కాలిపర్లో పిస్టన్‌ను తిప్పుతూ నొక్కాలి, దానికి విడిగా టూల్ దొరుకుతుంది. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ అయితే స్కానర్ పెట్టి సర్వీస్ మోడ్‌లోకి తెచ్చాకే నొక్కాలి, లేకపోతే మోటారు పాడవుతుంది. పని అయ్యాక అదే స్కానర్‌తో సర్వీస్ మోడ్ నుంచి బయటికి తెచ్చి, పార్కింగ్ బ్రేక్ రెండు చక్రాలనూ పట్టి వదులుతోందో లేదో చూసి కారు కిందికి దించండి.